సీవీటీ కారులో ఎర్ర ఆయిల్ పోశారు: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అయ్యా, మాది నరసరావుపేట. మాకు 2016 మోడల్ హోండా సిటీ పెట్రోలు ఆటోమేటిక్ కారు ఉంది. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నాళ్లూ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చలేదని, ఇరవై ఏళ్లుగా మాకు తెలిసిన మెకానిక్ దగ్గర పది రోజుల కిందట మార్పించాను. పాత ఆయిల్ మూడున్నర లీటర్లు వచ్చింది. అంతే కొలతకు ఎర్ర ఆయిల్ పోశాడు. డబ్బా మీద ‘డెక్స్‌రాన్ 3’ అని ఉంది. ఆ తరువాత 140 కిలోమీటర్లు నడిపాను. రెండో రోజు నుంచి కారు కదిలేటప్పుడు, ముఖ్యంగా 20 కిలోమీటర్ల వేగం దగ్గర, వణుకుతోంది. 60 దాటితే సన్నగా ఈల లాంటి శబ్దం వస్తోంది. మెకానిక్‌ను అడిగితే ‘ఆటోమేటిక్ ఏదైనా ఆటోమేటిక్కేనండీ, దానికి ఎర్ర ఆయిలే పోస్తారు, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది’ అంటున్నాడు. ఇంకొకాయన చూసి గేర్‌బాక్స్ పోయింది, కొత్తది వేయాలి, మూడు లక్షలు అవుతుందన్నాడు. గుంటూరులో కంపెనీ సర్వీసుకు మెల్లగా నడుపుకుంటూ వెళ్లవచ్చా? ఒకసారి ఆయిల్ మారిస్తే సరిపోతుందా, మెషీన్‌తో ఫ్లష్ చేయించాలా? కార్తీకంలో అమ్మానాన్నలను ఈ కారులోనే శ్రీశైలం తీసుకువెళ్లాలనుకున్నాం. ఖర్చు ఎవరు భరించాలి?

సమాధానం: ఈ జవాబు చదవడం పూర్తి కాకముందే ఒక పని చేయండి. కారు తాళం ఇంట్లో వాళ్లెవరూ తీసుకోకుండా లోపల పెట్టండి. గుంటూరు దాకా మెల్లగా వెళ్లవచ్చా అని అడిగారు. వెళ్లకూడదు. దూరం యాభై కిలోమీటర్ల లోపే కావచ్చు, కానీ మీ గేర్‌బాక్సుకు జరిగే నష్టం ఆ ఆయిల్‌తో బరువు లాగుతూ తిరిగిన దూరాన్ని బట్టి పెరుగుతుంది. ఇప్పటికే 140 కిలోమీటర్లు అయ్యాయి. అయితే కారు ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంటే నష్టం పెరగదు. మీ కారులో పోసినది యాసిడ్ కాదు. అదీ శుద్ధి చేసిన నూనెలో మందులు కలిపి తయారు చేసినదే, లోపలి రబ్బరు సీళ్లను అది రాత్రికి రాత్రి తినేయదు. కాబట్టి ఈ పూటే అన్నీ జరిగిపోవాలని కంగారు పడనక్కరలేదు. సరైన ఆయిల్ తెప్పించడానికి నాలుగు రోజులు పట్టినా ఫరవాలేదు. కారును మాత్రం కదిలించకండి.

కదిలించక తప్పకపోతే నాలుగు చక్రాలూ పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండి మీద పంపండి. మరో కారుకు తాడు కట్టి లాగించవద్దు. మీ కారులో ముందు చక్రాలే తిరిగి లాగుతాయి, గేర్‌బాక్స్ వాటికే కలిసి ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు గేర్‌బాక్స్ లోపలి పంపు తిరగదు, పంపు తిరగకపోతే ఆయిల్ అందదు. ఆ స్థితిలో చక్రాలు నేల మీద దొర్లుతూ పోతే, తప్పు ఆయిల్‌కు తోడు అసలు ఆయిలే అందని నష్టం కూడా మీద పడుతుంది.

ఇక మీ మెకానిక్ అన్న మాట గురించి. ఆయన చెడ్డ ఉద్దేశంతో ఆ మాట అనలేదనీ, పాత అనుభవంతోనే అన్నాడనీ నేను అనుకుంటున్నాను. 2008లో మన దేశంలోకి వచ్చిన సిటీ కారులో ఆటోమేటిక్ అంటే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఉన్న అయిదు గేర్ల పెట్టె. 2014 జనవరిలో వచ్చిన తరువాతి తరం సిటీలో, అంటే మీ కారులో, ఉన్నది సీవీటీ, అంటే విడి గేర్లకు బదులు పుల్లీలూ బెల్టూ ఉండే పెట్టె. కారు పేరు అదే, కంపెనీ అదే, గేరు కర్ర పక్కన పీ, ఆర్, ఎన్, డీ అనే అక్షరాలూ అవే. బయటి నుంచి చూసేవారికి తేడా కనిపించదు. లోపల మాత్రం ఆ రెంటి పని తీరుకు పోలికే లేదు. పాత పెట్టెకు హోండా చెప్పే నూనె ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె) డీడబ్ల్యూ-1, మీ సీవీటీకి చెప్పేది హెచ్‌సీఎఫ్-2. డెక్స్‌రాన్ 3 ఈ రెండింటిలో ఏదీ కాదు. అది అమెరికాలోని జనరల్ మోటార్స్ తన గేర్‌బాక్సుల కోసం రాసుకున్న ప్రమాణం. దానికి ఇచ్చే లైసెన్సులను ఆ కంపెనీయే 2006 చివరితో ఆపేసింది. ఇప్పుడు దుకాణంలో ఆ పేరుతో దొరికే డబ్బా మీద ఉన్నది తయారీదారు తన మీద వేసుకున్న హామీయే తప్ప, జనరల్ మోటార్స్ పరీక్షించి ఇచ్చిన ముద్ర కాదు.

ఎరుపు రంగు సంగతీ ఇక్కడే చెప్పాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెకు ఎర్ర రంగు కలిపే ఆచారం ఎందుకు వచ్చిందంటే, కారు కింద నేల మీద మరక కనిపించినప్పుడు అది ఇంజిన్ ఆయిలా, గేర్‌బాక్స్ ఆయిలా అని చూడగానే తెలియడానికి. ఆ రంగుకు నూనె గుణంతో సంబంధం లేదు. ఎర్రగా ఉన్న రెండు నూనెలు ఒకదానికొకటి పనికిరానివి కావచ్చు.

ఒకే నూనె అన్ని గేర్‌బాక్సులకూ పనిచేయకపోవడానికి కారణం తెలిస్తే, తరువాత నేను చెప్పబోయే జాగ్రత్తలు మీకు చాదస్తంగా కనిపించవు. మీ ఊళ్లో పిండిమరను గుర్తు తెచ్చుకోండి. మోటారు నుంచి మర చక్రానికి బెల్టు ఉంటుంది. ఇరుసుల దగ్గర బేరింగులకు గ్రీజు పెడతారు, బెల్టు మీద మాత్రం నూనె చుక్క పడనివ్వరు, ఎందుకంటే పడితే బెల్టు జారి, మోటారు తిరుగుతున్నా మర తిరగదు. సీవీటీ లోపల కూడా రెండు పుల్లీలూ, వాటి మధ్య ఒక బెల్టూ ఉంటాయి. ఈ బెల్టు తోలుదీ రబ్బరుదీ కాదు, కొన్ని వందల చిన్న ఉక్కు పలకలను పలచని ఉక్కు పట్టీల మీద గుచ్చి చేసినది. పుల్లీ అంటే ఎదురెదురుగా ఉన్న రెండు ఉక్కు శంకువులు. అవి దగ్గరకు జరిగితే బెల్టు పైకి ఎక్కుతుంది, దూరం జరిగితే లోపలికి దిగుతుంది. గేర్లు లేకుండానే గేరు మారినట్టు అయ్యేది ఇలాగే. ఇంజిన్ శక్తి అంతా ఆ ఉక్కు పలకల అంచులు శంకువులను పట్టుకోవడం వల్లనే చక్రాలకు చేరుతుంది. పిండిమరకు లేని చిక్కు ఏమిటంటే, ఇక్కడ బెల్టూ బేరింగులూ ఒకే పెట్టెలో ఒకే నూనెలో మునిగి ఉంటాయి. ఆ నూనె బేరింగు దగ్గర జారుడుగా ఉండాలి, బెల్టు దగ్గర ఉక్కుకూ ఉక్కుకూ మధ్య పట్టు ఇవ్వాలి. సీవీటీ నూనె తయారీలో నేర్పంతా ఈ రెండు విరుద్ధ గుణాలను ఒక చోట కూర్చడంలోనే ఉంది.

పాత తరహా ఆటోమేటిక్ పెట్టెలో పట్టు ఇచ్చేవి క్లచ్ పలకలు. వాటికి కాగితం లాంటి మెత్తని పూత ఉంటుంది. ఆ పూత ఉక్కు పలకను కుదుపు లేకుండా మెల్లగా పట్టుకోవాలి కనుక, అలాంటి పెట్టెల నూనెలో రాపిడిని సున్నితం చేసే మందులు కలుపుతారు. క్లచ్ పలకకు మేలు చేసే ఆ మందే ఉక్కు బెల్టుకు కీడు చేస్తుంది. పట్టు తగ్గి బెల్టు వెంట్రుకవాసి జారినా చాలు, శంకువు నున్నటి ముఖం మీద గీత పడుతుంది. గీత పడిన చోట బెల్టు మళ్లీ జారుతుంది, మళ్లీ గీసుకుంటుంది. తరువాత ఎంత మంచి నూనె పోసినా ఉక్కు మీద పడిన గీత మానదు. ఈ మందులు నూనెలో చాలా కొద్ది పాళ్లలోనే ఉంటాయి, గుణమంతా వాటిదే. ఒకప్పుడు అమెరికాలో ఈ పని కోసం స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. 1970ల మొదట్లో ఆ నూనెను నిషేధించినప్పుడు కంపెనీలన్నీ దానికి బదులు వెతుక్కుంటూ ప్రమాణాలను తిరగరాసుకోవలసి వచ్చింది. డెక్స్‌రాన్ పేరు పక్కన అంకెలు మారుతూ రావడంలో ఆ కథ కూడా ఉంది.

ఇప్పుడు మీ కారు చూపిస్తున్న లక్షణాలకు వద్దాం. మూడు లక్షలన్న పెద్దమనిషి తొందరపడ్డాడని నాకు ఇక్కడే అనిపిస్తోంది. మీ సీవీటీలో బెల్టు ఒక్కటే కాదు, దాని ముందు టార్క్ కన్వర్టర్ కూడా ఉంది. కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ అని ఒక పలక ఉంటుంది. కారు కాస్త వేగం అందుకోగానే అది ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ నేరుగా కలుపుతుంది. నూనె గుణం మారితే ముందుగా ఫిర్యాదు చేసేది చాలాసార్లు ఈ పలకే. అది పట్టీ పట్టనట్టు తడబడితే, గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు కారు సన్నగా వణుకుతుంది. మీరు రాసిన 20 కిలోమీటర్ల దగ్గరి వణుకు ఈ కోవలోదే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. పలక పూత కాలిపోయి ఉండకపోతే, సరైన నూనె చేరిన తరువాత ఈ వణుకు పోతుంది. ఈల శబ్దం గురించి మాత్రం నేను అంత ధైర్యంగా మాట్లాడను. బెల్టు జారినా ఆ శబ్దం వస్తుంది, ఆయిల్ మట్టం తక్కువై పంపు గాలి పీల్చినా వస్తుంది, ఎక్కువై నురుగు పట్టినా వస్తుంది. దాని కారణం ఆయిల్ మార్చిన తరువాతే తేలుతుంది. ఇవి కాక, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ రేసు పెరిగి, కారు వేగం మాత్రం దానితో పాటు పెరగకపోవడం ఎప్పుడైనా గమనించారా? మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. అలా జరగకపోతే మంచి గుర్తు. అది ఉంటే బెల్టు జారుతోందని అనుమానించాలి.

చేయవలసిన పనికి వస్తే, గేర్‌బాక్సును విప్పవద్దు, విప్పనివ్వవద్దు. లోపల ఉన్న తప్పు నూనెను సరైన నూనెతో పలచబరుస్తూ, విడతలవారీగా బయటికి పంపాలి. గేర్‌బాక్స్ అడుగున నూనె వదిలే డ్రెయిన్ బోల్టును ఒక్కసారి తీస్తే నూనె అంతా రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో, వాల్వు దారుల్లో కొంత ఉండిపోతుంది. మీ విషయంలో ఇదే అదృష్టం కూడా. మెకానిక్ తీసినది మూడున్నర లీటర్లే కనుక, ఆనాడు లోపల మిగిలినది సరైన పాత నూనె.

లెక్క సులువుగా ఉండడానికి మొత్తం ఆరు లీటర్లు అనుకుందాం. అందులో మూడున్నర లీటర్లు తప్పు నూనె, అంటే ఈ రోజు లోపల ఉన్న కలగాపులగంలో తప్పు నూనె పాలు 58 శాతం. ఇప్పుడు మూడున్నర లీటర్లు తీసి హెచ్‌సీఎఫ్-2 పోస్తే, బాగా కలిసిన తరువాత తప్పు నూనె 24 శాతానికి దిగుతుంది. రెండోసారి మారిస్తే 10 శాతానికి, మూడోసారికి 4 శాతానికి, నాలుగోసారికి 2 శాతం లోపుకు వస్తుంది. ఒకసారి మారిస్తే చాలదని మీకు ఈ అంకెలే చెబుతాయి. నా సలహా నాలుగుసార్లు. దానికి సుమారు 14 లీటర్ల నూనె కావాలి. చేతికి ఖర్చు బరువుగానే ఉంటుంది గాని, గేర్‌బాక్స్ ధరతో పోల్చుకుంటే అది చిన్నదే. నూనె కంపెనీ సీసాల్లోనిదే, సీలు తీయనిదే కొనండి. ‘అన్ని సీవీటీలకూ పనికొస్తుంది’ అని రాసి ఉన్న డబ్బాలను మామూలు రోజుల్లో నేను గట్టిగా కాదనను, కానీ ఇప్పటికే ఒక అనుమానం లోపల ఉన్నప్పుడు దాని మీద రెండో అనుమానాన్ని పోయడం తెలివైన పని కాదు.

ఈ నాలుగు మార్పులు ఏ వరుసలో జరగాలనేదే అసలు విషయం. సాధారణంగా ఒక మార్పుకూ మరో మార్పుకూ మధ్య కారును రోడ్డు మీద తిప్పమంటారు. మీరు మొదటి రెండు మార్పుల మధ్య కారును వర్క్‌షాపు గడప దాటించవద్దు. మొదటిసారి నూనె మార్చి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, గేరు కర్రను పీ నుంచి ఆర్‌కు, ఎన్‌కు, డీకి, మళ్లీ వెనక్కి, ఒక్కో చోట కొన్ని సెకన్లు ఆపుతూ మెల్లగా తిప్పించండి. యాక్సిలరేటర్ మీద కాలు వేయవద్దు. తరువాత పీలో పెట్టి పది నిమిషాల పాటు ఇంజిన్‌ను అలాగే ఉంచితే పంపు నూనెను కన్వర్టర్ గుండా తిప్పుతుంది, కొత్తదీ పాతదీ కలుస్తాయి. ఇంజిన్ ఆపి రెండోసారి తీసి మళ్లీ పోయండి. ఇలా చేస్తే బెల్టు మీద అసలైన బరువు పడకముందే తప్పు నూనె పదో వంతుకు దిగుతుంది. అప్పుడు చదునైన రోడ్డు మీద, తొందర లేకుండా ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపి మూడో మార్పు, మరో రెండు వందల కిలోమీటర్ల తరువాత నాలుగో మార్పు చేయించండి. డ్రెయిన్ బోల్టు కింది వాషర్‌ను ప్రతిసారీ కొత్తది వేయమనండి. పది రూపాయల వాషర్ దగ్గర పిసినారితనం చేసి, చుక్క చుక్కగా కారిపోయిన తరువాత చూసుకున్న కార్లు నాకు తెలుసు.

ఫ్లష్ మెషీన్ సంగతి అడిగారు. మీ పరిస్థితిలో నేను వద్దంటాను. ఆ యంత్రం గొట్టాల్లో అంతకు ముందు వచ్చిన కారు నూనె ఎంతో కొంత మిగిలి ఉంటుంది. ఒక తప్పు నూనెను వదిలించుకోబోయి పేరు కూడా తెలియని మరో నూనెను తెచ్చుకోవడం ఎందుకు? కొందరు కడగడానికని పలచని ద్రావకం కూడా కలుపుతారు. అది లోపలి మురికిని ఒక్కసారిగా కదిలించి సన్నని వాల్వు దారుల్లో ఇరికించే ప్రమాదం ఉంది. అలాగే వణుకు తగ్గిస్తుంది, జారుడు ఆపుతుంది అంటూ చిన్న సీసాల్లో అమ్మే మందులు ఏవీ వేయవద్దు. లోపల ఉన్న రాపిడి మందుల లెక్క తప్పడమే మన జబ్బు, దానిలో ఇంకో మందు కలిపితే రేపు కారణం విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆయిల్ మట్టం గురించి ఒక మాట. మీ మెకానిక్ తీసినంతే పోశానని చెప్పాడు. అది మంచి పద్ధతే, కానీ చివరి మాట కాదు. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అందుకే గేర్‌బాక్స్ మట్టాన్ని సర్వీస్ పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, కారు అన్ని వైపులా సమంగా నిలబడి ఉండగానే చూడాలి. ఆ ఉష్ణోగ్రతను చేయి పెట్టి ఊహించకూడదు, స్కానర్‌లో, అంటే కారు కంప్యూటర్‌కు తగిలించి చూసే పరికరంలో చదవాలి. వేడిగా ఉన్నప్పుడు తీసి, చల్లని నూనెను అదే కొలతకు పోస్తే మట్టం మారిపోతుంది. మీ ఈల శబ్దం వెనుక ఇంత చిన్న కారణమే ఉంటే నాకు ఆశ్చర్యం కలగదు.

మొదటిసారి నూనె తీసినప్పుడు మీరు దగ్గర ఉండండి. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద పట్టినదాన్ని తెల్ల కాగితం మీద తుడిచి వెలుగులో చూడండి. కాటుక లాంటి మెత్తని నల్లటి ముద్ద కనిపిస్తే భయపడకండి. 78 వేల కిలోమీటర్లు తిరిగిన ఏ గేర్‌బాక్సులోనైనా అది ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా తగిలే రజను, వెలుగుకు తళుక్కుమనే పొరలు, కంటికి ఆనే ముక్కలు ఉంటే మాత్రం అది ఉక్కు ఉక్కును గీసుకున్న గుర్తు. నూనెను వాసన చూడండి, మాడిన వాసన ఉంటే క్లచ్ పలక కాలిందని అనుకోవాలి. స్కానర్‌తో గేర్‌బాక్స్ లోపాల కోడ్‌లను నూనె మార్చక ముందే చదివించి ఫోటో తీసుకోండి. ముందే చెరిపేస్తే ఆధారం పోతుంది. ఆ తీసిన నూనెలో అర లీటరును శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు సీసాలో పోసి మూత బిగించి, తేదీ, కిలోమీటర్లు రాసి దాచండి. దాని పని ఏమిటో చివర చెబుతాను.

ఇది చదివే మిగతావారి కోసం ఇక్కడ కాస్త పక్కకు వెళతాను. మా బంధువుల్లో ఒకాయన ఇంటి దగ్గరే ఇంజిన్ ఆయిల్ మార్చుకోబోయి, కారు కింద దూరి, గేర్‌బాక్స్ బోల్టును ఇంజిన్ బోల్టు అనుకుని విప్పాడు. గేర్‌బాక్స్ ఖాళీ అయింది, ఇంజిన్‌లో ఉన్న నూనె మీద మరో మూడున్నర లీటర్లు పడింది. అదృష్టం బాగుండి, వచ్చిన నూనె రంగు చూసి అనుమానం కలిగి, స్టార్ట్ చేయకుండా ఫోన్ చేశాడు. స్టార్ట్ చేయలేదు కనుక ఎక్కువైన ఇంజిన్ నూనె తీసి, గేర్‌బాక్సులో సరైన నూనె కొలతకు పోసి, మట్టం చూసుకుంటే పని అయిపోయింది. తప్పు నూనె పోసినట్టు ఇంజిన్ తిప్పకముందే తెలిస్తే నష్టం దాదాపు శూన్యం, ఎందుకంటే అది ఇంకా అడుగు తొట్టిలోనే ఉంటుంది. ఇంజిన్ తిరిగిందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద మిగతా వైద్యమంతా ఆధారపడుతుంది.

మన దగ్గర ‘ఆటోమేటిక్’ అనే ఒక్క మాటలో నాలుగు రకాల యంత్రాలు ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2014లో మారుతి సెలేరియోతో మొదలై చిన్న కార్లలో వచ్చిన ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పనీ గేరు వేసే పనీ యంత్రం చేస్తుంది. దాని పెట్టెలో పోసేది మాన్యువల్ గేర్ ఆయిలే. టార్క్ కన్వర్టర్ పెట్టెకు ఏటీఎఫ్, సీవీటీకి సీవీటీ నూనె, రెండు క్లచ్‌ల డీసీటీకి దాని నూనె వేరు. కారు యజమాని పుస్తకంలో చివరి పేజీల్లో నూనెల పట్టిక ఉంటుంది. మెకానిక్‌కు కారు ఇచ్చే ముందు ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి చూపించడానికి అర నిమిషం పడుతుంది.

శ్రీశైలం ప్రయాణానికి ఈసారి ఈ కారును లెక్కలోకి తీసుకోకండి. నాలుగు మార్పులూ అయిపోయి, వణుకు పోయినా సరే. దోర్నాల దాటిన తరువాత వచ్చే ఘాట్ రోడ్డులో, కారు నిండా మనుషులతో ఎక్కేటప్పుడు బెల్టు మీద పడే బరువు, నరసరావుపేట వీధుల్లో పడే బరువుకు ఎన్నో రెట్లు. నూనె కూడా అక్కడే బాగా వేడెక్కుతుంది. లోపల చిన్న గీత ఏదైనా పడి ఉంటే అది పెద్దదయ్యేది అలాంటి చోటే, ఆ అడవి దారిలో పెద్దవాళ్లతో నిలబడిపోవడం ఎవరికీ మంచిది కాదు. అమ్మానాన్నలను వేరే బండిలో తీసుకువెళ్లండి. మీ కారుకు ముందు ఓ వెయ్యి కిలోమీటర్లు చదును రోడ్డు మీద పరీక్ష కానివ్వండి.

ఇక ఖర్చు. మీ మెకానిక్‌తో ఇరవై ఏళ్ల పరిచయం ఉందన్నారు. ముందు ఆయన దగ్గరకు యజమాని పుస్తకంలోని ఆ పేజీని, డెక్స్‌రాన్ డబ్బాను తీసుకువెళ్లి ప్రశాంతంగా చూపించండి. 14 లీటర్ల నూనె ధరలో ఆయన ఎంత భరిస్తాడో, కూలి లేకుండా పని చేస్తాడో లేదో అడగండి. చాలామంది ఈ దశలోనే ఒప్పుకుంటారని నా అనుభవం. గేర్‌బాక్స్ మొత్తం ఖర్చు మీద పడుతుందేమోనని భయపెడితేనే బిగుసుకుపోతారు. పని ఆయన చేత చేయించాలా, గుంటూరు పంపాలా అన్నది మీ ఇష్టం. ఎవరు చేసినా వరుస మాత్రం పైన చెప్పినదే.

మాట కుదరకపోతే చట్టం ఉంది. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవాలోపం కిందికి వస్తుంది. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే, మీరు నివసించే ప్రాంతం ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తుందో అక్కడే, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు. సేవకు మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కనుక ఫీజు కూడా ఉండదు. అప్పుడు అక్కరకు వచ్చేవి మీ బిల్లు, డెక్స్‌రాన్ ఖాళీ డబ్బా, మార్చక ముందు తీసిన స్కానర్ ఫోటో, గాజు సీసాలో దాచిన అర లీటరు నూనె. బిల్లు మీద ‘ఆయిల్ చేంజ్’ అని మాత్రమే రాసి ఉంటే, ఏ నూనె, ఎన్ని లీటర్లు, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశారో ఆయన చేత ఇప్పుడే, మాటలు సవ్యంగా ఉండగానే రాయించుకోండి.

నాలుగో మార్పు అయిన తరువాత మూడు సంగతులు నాకు రాయండి: 20 కిలోమీటర్ల దగ్గర వణుకు మిగిలిందా, 60 దాటాక ఈల వినిపిస్తోందా, చివరిసారి అయస్కాంతం మీద ఏం పట్టింది. వణుకు పోయి ఈల మిగిలి, అయస్కాంతం మీద తళుకు కనిపిస్తే, అప్పుడు పుల్లీలను విప్పి చూడవలసిందే. ఆ పని సీవీటీలు విప్పి బిగించిన అనుభవం ఉన్నవారి చేతే చేయించాలి. ఆ మూడింటిలో ఏదీ లేకపోతే, మీరు 78 వేల కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టిన ఆయిల్ మార్పు కాస్త ఎక్కువ ఖర్చుతో పూర్తయిందని అనుకోవచ్చు.